కోరంగి అని వెతికితే కోరంగి దొరకదు

పాత కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఎం.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచేసిన తుఫాను మీద డిసర్టేషన్ రాయాలనుకున్నాను. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట: మూడు లక్షల మంది చనిపోయారు, ఇరవై వేల ఓడలు మునిగిపోయాయి. మా గైడ్ గారు "దీనికి ప్రాథమిక ఆధారం, అంటే ఆనాటివాళ్లే రాసినదో చెప్పినదో, చూపించు" అన్నారు. లైబ్రరీ కేటలాగులోనూ, రెండు మూడు డేటాబేసుల్లోనూ "ఈస్ట్ గోదావరి సైక్లోన్ 1839" అని కొట్టి చూశాను. ఒక్కటీ రాలేదు. టాపిక్ మార్చుకోమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మాయ్, మా మనవరాలి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. టాపిక్ మార్చుకోవద్దు. నువ్వు కొట్టిన మాటల్లో రెండు ఆ గాలివాన వచ్చేనాటికి ఇంకా పుట్టనే లేదు. అందుకే ఏమీ రాలేదు.

మొదటిది సైక్లోన్. ఆ మాటను తయారుచేసినవాడు కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెన్ల కోసం 1848లో అచ్చేసిన పుస్తకంలో దాన్ని వాడాడు. పాము చుట్టలా గాలి సుడి తిరుగుతుంది కదా, ఆ అర్థం వచ్చేట్టు గ్రీకు నుంచి తీసుకున్నాడు. అప్పటికి కోరంగి మునిగి తొమ్మిదేళ్లయింది. 1839లో కచేరీలో కూర్చున్న గుమాస్తా ఆ మాట ఎలా రాస్తాడు? హరికేన్ అనో, గేల్ అనో, స్టార్మ్ అనో రాస్తాడు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది కాబట్టి ఇనండేషన్ అని కూడా రాస్తాడు. ఈ నాలుగింటితో విడివిడిగా వెతుకు.

రెండోది ఈస్ట్ గోదావరి. ఆ పేరు 1925లో వచ్చింది. అంతకుముందు ఒట్టి గోదావరి జిల్లా, అదీ 1859లో ఏర్పడినదే. 1839లో కోరంగి ఉన్నది రాజమండ్రి జిల్లాలో. 2022 నుంచి కాకినాడ జిల్లా. ఊరు కదలలేదు, జిల్లా పేరే మూడుసార్లు మారింది. కాగితం మీద మాత్రం అది రాసిననాటి పేరే ఉంటుంది. కేటలాగు చేసినవాళ్లు కూడా చాలాసార్లు ఆ పేరునే అలాగే ఎక్కించేస్తారు.

ఈ పాఠం నేను రైలు చార్జీలు పెట్టుకుని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలేజీ ప్రొఫెసరు గారొకరు 1850ల నాటి రెవెన్యూ ఉత్తరాలు కొన్ని చూసి రమ్మని నన్ను ఒక ఆర్కైవ్స్‌కు పంపారు. రెండు రోజులపాటు తూర్పు గోదావరి అని స్లిప్పులు రాసి ఇచ్చాను. రెండు రోజులూ "నాట్ ఫౌండ్" అని ఎర్రసిరాతో తిరిగొచ్చాయి. అక్కడి ఆయనకు అసలు సంగతి తెలియక కాదు. నేను అడిగింది ఇండెక్సులో లేదు, లేదని చెప్పాడు, అంతే. మూడో రోజు మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక ముసలి వకీలు గారు నా స్లిప్పు చూసి నవ్వి, "ఆ కాలానికి నీ జిల్లా ఎక్కడుందమ్మా?" అన్నారు. రాజమండ్రి అని మార్చి రాశాను. నాలుగు గంటలకు కట్ట వచ్చింది, అయిదింటికి గది మూసేశారు.

ఇక స్పెల్లింగు సంగతి. కాకినాడ ఆనాడు కోకనాడ, ఇంగ్లిషులో సి అక్షరంతో మొదలవుతుంది. పక్కనున్న ఇంజరం వాళ్ల చేతిలో ఇంగెరామ్ అయింది. శ్రీకాకుళం చికాకోల్, బందరు మసూలిపటామ్. కోరంగికి చివర ఏ పెట్టినవారున్నారు, వై పెట్టినవారున్నారు, జంట ఈ పెట్టినవారూ ఉన్నారు. కనబడిన ప్రతి స్పెల్లింగునూ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంటూ పో. నెల తిరిగేసరికి నీకంటూ ఒక నిఘంటువు తయారవుతుంది.

ఇదంతా పేర్ల గొడవ. అసలు కిటుకు వేరే ఉంది. ఈ సంగతి గురించి ఆనాడు రాయక తప్పనిది ఎవరికి? కేటలాగు తెరిచేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకో.

రేవు మునిగింది, పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది, రైతు శిస్తు కట్టలేడు. కాబట్టి రాజమండ్రి కలెక్టరు మద్రాసులోని బోర్డ్ ఆఫ్ రెవెన్యూకు రాయక తప్పదు. రెమిషన్, అంటే శిస్తు మాఫీ, ఇవ్వాలంటే లెక్క చూపించాలి. బోర్డు ఆ ఉత్తరాన్ని గవర్నరు కౌన్సిలుకు పంపుతుంది. కౌన్సిలు లండనులోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు రాస్తుంది. డైరెక్టర్లు "ఇంత మాఫీ ఎందుకిచ్చారు?" అని తిరిగి అడుగుతారు. అలా ఒకే ఉత్తరం మూడు నాలుగు చోట్ల నకలవుతుంది. ఒకచోట చెదలు తిన్నా ఇంకోచోట బతికే అవకాశముంది. అందుకని మూడు చోట్ల వెతకాలి: జిల్లా రికార్డులు, మద్రాసు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్.

లండన్ కేటలాగులో ఒక్కో తరగతికి ఒక్కో అక్షరం ఉంటుంది. పి అంటే ప్రొసీడింగ్స్, వి అంటే అచ్చయిన ప్రభుత్వ నివేదికలు. ఎఫ్-4 అనేది బోర్డ్స్ కలెక్షన్స్. ఏదైనా వ్యవహారం లండను దాకా పోతే దానికి సంబంధించిన కాగితాల నకళ్లన్నీ ఒకచోట కుట్టి పెట్టింది ఇక్కడే. కంపెనీ కాలం మీద పనిచేసే ఎవరికైనా నేను ముందు చూడమనేది ఈ తరగతినే. తెలుగు జిల్లాల ఉత్తరాలు ఇందులో బోలెడు. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి మూతపడింది. అప్పుడు ఫైలు నంబర్లు కాగితం మీద రాసుకున్నవాళ్లే గట్టెక్కారు. నువ్వూ రాసుకో.

మద్రాసు సంగతికి వస్తే ఫసలీ లెక్క, అంటే శిస్తు కోసం వాడిన ఏడాది లెక్క, తెలియాలి. రెవెన్యూ కాగితాల్లో 1839 అని ఉండకపోవచ్చు, ఫసలీ 1249 అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. జూలైలో మొదలై మరుసటేడు జూన్ దాకా నడుస్తుంది కాబట్టి నవంబరు గాలివాన నష్టం ఫసలీ 1249 జమాబందీలో, అంటే ఆ ఏటి శిస్తు లెక్కలో, పడాలి. ఊళ్లో కరణాలు రాసుకున్నదో, గుడి దగ్గర ఉన్నదో చూడాల్సి వస్తే అక్కడ ఫసలీ కూడా కాకుండా "వికారి నామ సంవత్సర కార్తీకం" అని ఉంటుంది. 2019-20లో వచ్చిన వికారికి మూడు ఆవృత్తాల వెనకటి వికారి అది.

మద్రాస్ రికార్డ్ ఆఫీసు వాళ్లు 1930లలో జిల్లాల వారీగా రికార్డుల గైడ్లు అచ్చేశారు. గోదావరి జిల్లా గైడు 1770 నుంచి 1835 దాకా. నీ ఏడాదికి నాలుగేళ్ల ముందు ఆగిపోయింది! అయినా ఒకసారి తిరగెయ్యి. కలెక్టరుకు వచ్చిన ఉత్తరాలు ఏ వరుసలో, ఆయన పంపినవి ఏ వరుసలో కట్టలు కట్టారో తెలుస్తుంది. ఆ తర్వాతి కట్టలు కూడా ఆ పద్ధతిలోనే ఉంటాయి.

ప్రభుత్వం కాక ఇంకెవరు రాశారు? ఓడలున్నవాళ్లు రాశారు. ఓడ మునిగితే వర్తకుడికి నష్టం, భీమా గొడవ. లండనులో 1816 నుంచి 1845 దాకా ఏషియాటిక్ జర్నల్ అనే మాసపత్రిక వచ్చేది. మద్రాసు, కలకత్తా పేపర్లలోని వార్తలు ఏరి వేసేవారు. గూగుల్ బుక్స్‌లోనూ హాథీట్రస్ట్‌లోనూ స్కాన్లున్నాయి. నువ్వు చూడాల్సింది 1839 సంపుటం కాదు, 1840 సంపుటాలు. ఇక్కడి కబురు సముద్రం దాటి అచ్చెక్కడానికి నెలలు పట్టేది. డేటాబేసులో ఏడాది ఫిల్టరు పెట్టేటప్పుడు పిల్లలు ఇక్కడే పప్పులో కాలేస్తారు. పిడింగ్టన్ కూడా ఆసియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ జర్నల్‌లో గాలివానల మీద వరుసగా మెమాయిర్లు (పరిశోధన వ్యాసాలు) రాశాడు. ఓడల లాగ్ బుక్కులు తెప్పించుకుని, ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచిందో పక్కపక్కన పెట్టి చూసేవాడు. ఆ వరుసలో నీ గాలివాన ఎక్కడుందో వెతుకు. ఆ జర్నల్ పాత సంపుటాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. తుఫాను కోసం జంతువులు, మొక్కల లైబ్రరీలో వెతకాలని ఎవరికి తడుతుంది చెప్పు!

ఇంకో దేశం వాళ్లూ రాశారు. కోరంగి పక్కనే యానాం, అప్పటికి ఫ్రెంచివాళ్లది. సముద్రానికి సరిహద్దు తెలియదు కదా. ఆ కాగితాల కోసం దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఊళ్లో ఉన్న వలస ఆర్కైవ్స్ కేటలాగు చూడాలి. అచ్చయిన పుస్తకాలైతే ఫ్రాన్సు జాతీయ లైబ్రరీ వారి గాలికా సైటులో ఉంటాయి. అక్కడ హరికేన్ అంటే రాదు, ఊరగాన్ అనాలి. ఫ్రెంచి రాదని భయపడకు. ముందు నంబరు పట్టుకో, చదివి పెట్టేవాళ్లు తర్వాత దొరుకుతారు.

తెలుగులో ఏముంది అంటావా? గాలివానకు ఎనిమిదేళ్ల ముందు ఏనుగుల వీరాస్వామయ్య కాశీ నుంచి తిరిగొస్తూ ఈ కోస్తా మీదుగానే ప్రయాణం చేశాడు. 1830-31 నాటి ఆయన యాత్ర 1838లో అచ్చయింది. తుఫాను గురించి అందులో ఉండదు. దానికి ముందు ఈ తీరం ఎలా ఉండేదో కళ్లతో చూసి రాసిన తెలుగువాడి మాట అది. నీ మొదటి అధ్యాయానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఆ మూడు లక్షలు, ఇరవై వేలు. నాకైతే ఆ ఓడల అంకె గొంతు దిగదు. కోరంగి పెద్ద రేవే, ఓడలు కట్టిన ఊరే. అయినా ఇరవై వేల ఓడలు ఒకేసారి నిలబడే నీళ్లు అక్కడున్నాయా? ఒకసారి పడవెక్కి మడ అడవుల వైపు వెళ్లి చూసి రా. జనం సంగతి జమాబందీలో తేలుతుంది. జిల్లాలో లక్షల మంది ఒక్క రాత్రిలో పోతే మరుసటేడు శిస్తులో ఆ గండి కనబడి తీరాలి. 1843లో ప్రభుత్వం హెన్రీ మాంట్‌గోమరీని ప్రత్యేకంగా ఈ జిల్లా దుస్థితి చూడమని పంపింది, 1844లో ఆయన నివేదిక ఇచ్చాడు. గాలివాన దెబ్బ ఆయన ఏ మేరకు లెక్కలోకి తీసుకున్నాడో చూడు.

అంకెను వెనక్కి తరుముకుంటూ పో. ఈ సైటు ఏ పుస్తకం నుంచి తీసుకుంది, ఆ పుస్తకం ఏ పుస్తకం నుంచి? కేటలాగులో ఫలితాలను పాతవి ముందు వచ్చేట్టు వరస పెట్టుకుని చూడు. 1907లో హెమింగ్‌వే రాసిన గోదావరి గెజెటీర్, 1878లో మోరిస్ రాసిన జిల్లా మాన్యువల్ చదువు. కాగితం పసుపురంగుకు తిరిగింది కాబట్టి ప్రాథమిక ఆధారమే అనుకునేవు. మోరిస్ రాసేనాటికి గాలివాన జరిగి ముప్పై తొమ్మిదేళ్లు. ఆయనా మనలాగే పాత ఫైళ్లు చూసి రాసినవాడే. ఆయన చూసిన ఫైలు నీకు కావాలి.

ఆ రెండు అంకెలకు ఆధారం దొరక్కపోతే? దొరకలేదనే రాయి. ఎక్కడెక్కడ చూశావో, ఏ మాటలతో వెతికావో, అంకె మొదట ఎప్పుడు కనబడిందో రాయి. మీ గైడ్ గారు మంచి ప్రశ్న వేశారు, ఆయన దానికి మార్కులు తగ్గించరు.

ప్రశ్న: గత సంచికలో మీరు "ఆంధ్రపత్రిక దినపత్రిక 1908 నుంచి" అని రాశారు. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టింది వారపత్రిక. దినపత్రిక అయింది 1914లో, మద్రాసులో. సరిచేయగలరు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, తప్పు నాదే. చెంపలేసుకుంటున్నాను. కేటలాగు కార్డు మీద పత్రిక మొదలైన ఏడాది ఒక్కటే ఉంటుంది, దాన్ని చూసి రాసేశాను. మీరు రాయకపోతే ఎవరో పాపం 1911 నాటి దినపత్రిక కోసం వేటపాలెం సారస్వత నికేతనం దాకా వెళ్లి, లేని కట్ట వెతికించేవారు. ప్రెస్ అకాడమీ వాళ్లు డిజిటైజ్ చేసిన పాత పత్రికల్లో వెతికేవారికి కూడా ఇదే మనవి. దినపత్రికా, వారపత్రికా, ఉగాది సంచికా అన్నది ముందు చూసుకోండి. ఒకే పేరుతో అన్నీ ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, మాది టెక్కలి దగ్గర పల్లె. మా తాత గారు 1920ల చివర్లో రంగం (రంగూన్) వెళ్లి ఓడరేవులో కూలి పనిచేశారు. 1942లో బాంబులు పడ్డాక నడిచి వచ్చేశారు. ఆయన పేరున్న రికార్డు ఏదైనా దొరుకుతుందా? శ్రీకాకుళం జిల్లా, బర్మా అని వెతికితే ఏదీ తగల్లేదు. మా నాయనమ్మకు తొంభై దాటింది.
– ఒక చిరుద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీకు కూడా ముందు జిల్లా పేరే అడ్డం. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. మీ తాతగారు ఓడెక్కేనాటికి టెక్కలి గంజాం జిల్లాలో ఉంది. 1936లో ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. ఆయన తిరిగొచ్చింది ఆ జిల్లాకే. కాబట్టి వెళ్లడానికి గంజాం అని, రావడానికి వైజాగపటామ్ అని వెతకండి.

మీ తాతగారిని అక్కడ ఏమని పిలిచేవారో తెలుసా? కోరంగీ. పై ఉత్తరంలో అమ్మాయి అడిగిన ఆ కోరంగే. తొలిరోజుల్లో ఆ రేవు నుంచి వెళ్లినవాళ్ల పేరు, ఏ ఊరివాడైనా సరే, తెలుగువాళ్లందరికీ అంటుకుంది. అందుకని రంగూన్ కాగితాల్లో తెలుగు అని వెతికితే సగమే వస్తుంది. కోరంగీ అని వెతికితే మిగతా సగం వస్తుంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు జరిగిన కొట్లాట మీద కాగితాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. మీ తాతగారు అప్పటికి అక్కడే ఉన్నారు కదా.

పేరు దొరుకుతుందా అంటే, ఆశ తక్కువ పెట్టుకోండి. దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన కూలీలది ఇంకో కథ. 1860 నుంచి 1911 దాకా ఓడలెక్కిన 1,52,184 మందికి ఒక్కొక్కరికి నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా రాశారు. ఒప్పంద కూలీ పారిపోతే పట్టుకోవాలి కదా! రంగం వెళ్లినవాళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, టికెట్టు కొనుక్కుని డెక్కు మీద కూర్చుని వెళ్లారు. వాళ్లను ప్రభుత్వం తలలుగా లెక్కపెట్టింది, పేర్లు రాయలేదు. స్వేచ్ఛగా వెళ్లినవాడికి చరిత్రలో పేరు మిగల్లేదు, కట్టుబడి వెళ్లినవాడికి మిగిలింది. నాకు ఇది ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

అయితే పేరు లేకపోయినా ఆయన బతికిన బతుకు దొరుకుతుంది. 1937 దాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రం. కాబట్టి 1931 జనాభా లెక్కలు "సెన్సస్ ఆఫ్ ఇండియా" కింద పదకొండో సంపుటంగా దొరుకుతాయి. అందులో బర్మాలో పుట్టిన భారతీయులను, బయట పుట్టి వచ్చినవాళ్లను వేరువేరుగా చూపించారు. తర్వాత జేమ్స్ బాక్స్టర్ ఇండియన్ ఇమ్మిగ్రేషన్ మీద ఇచ్చిన నివేదిక, రంగూన్, 1941. కూలీలు, మేస్త్రీలు, ఓడ ప్రయాణాలు అన్నీ అందులో ఉన్నాయి. మీరు మొదట చదవాల్సింది ఇదే.

1942 నడక కోసం ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్ చూడండి. ఇంట్లో ఫోనులోనే చూడొచ్చు. అక్కడ బర్మా అని ఒక్కమాట కొడితే వేలల్లో వచ్చి పడతాయి. శాఖ ఎంచుకోండి. విదేశాల్లో ఉన్న భారతీయుల వ్యవహారం 1941 దాకా ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ లాండ్స్ శాఖది, ఆ తర్వాత ఇండియన్స్ ఓవర్సీస్ శాఖది. ఎవాక్యుయేషన్, ఎవాక్యుయీస్, ఈ రెండు మాటలూ కలపండి. "రెఫ్యూజీ" అన్నది ఆ ఫైళ్ల మీద తక్కువ. లండనులో బర్మా ఆఫీస్ రికార్డులకు ఎం అనే అక్షరం ఉంది, 1932 నుంచి 1948 దాకా.

ఇవన్నీ వచ్చే నెల చూసుకోవచ్చు. ఈ ఆదివారం మాత్రం నాయనమ్మ గారి దగ్గర కూర్చుని ఫోనులో రికార్డింగు నొక్కండి. ఆవిడ మాట కూడా ప్రాథమిక ఆధారమే. ఏ ఏడాది అని అడగకండి, చెప్పలేరు, మనసు చిన్నబుచ్చుకుంటారు. తాతగారు ఇల్లు చేరినప్పుడు పొలంలో ఏ పంట ఉంది, ఒంటిమీద ఏ బట్ట ఉంది, ఎవరెవరు కలిసి వచ్చారు, దారిలో ఎవరు పోయారు, ఇవి అడగండి. ఏ రేవులో ఓడెక్కారో అడగండి. బారువా, కళింగపట్నం, విశాఖ, ఏదైనా కావచ్చు. ట్రంకుపెట్టె ఉంటే అడుగున పరిచిన కాగితం కూడా తీసి చూడండి. మనియార్డరు రసీదు ఒక్కటి దొరికినా దాని మీద ముద్ర ఉంటుంది, ముద్రలో తేదీ ఉంటుంది.

ప్రశ్న: అమెరికాలో యూనివర్సిటీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయంటారు. నేను డాలస్‌లో ఉంటాను. వరల్డ్‌క్యాట్‌లో (ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి కేటలాగు) "విజ్ఞాన చంద్రిక", "చరిత్ర" అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే చాలా తక్కువ వస్తున్నాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఇంకా అధ్వానం. ఎందుకని?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: ఉన్నాయి బాబూ. 1960ల నుంచి, అమెరికా నుంచి తెచ్చుకున్న గోధుమలకు మనం పడిన బాకీ రూపాయలతో అమెరికా ప్రభుత్వం ఇక్కడ పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపింది. పీఎల్-480 అంటారు. ఢిల్లీలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆఫీసు 1962లో తెరిచారు. మన ఊళ్లలో తూకానికి వేసిన పుస్తకాలు షికాగోలో బైండు కట్టుకుని కూర్చున్నాయి.

మీకు రాకపోవడానికి కారణం ఒక్క హెచ్ అక్షరం. మనం చరిత్రను సి, హెచ్ కలిపి రాస్తాం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లిప్యంతరీకరణలో చ అంటే ఒట్టి సి. హెచ్ పెడితే అది ఛ అవుతుంది. విజ్ఞానలో మనం జి, ఎన్ వేస్తాం, వాళ్లు జె, ఎన్ వేస్తారు. దీర్ఘాల మీది గీతలు, కింది చుక్కలు వదిలేసి కొట్టండి, ఫరవాలేదు. అక్షరాలు మాత్రం వాళ్లవే వాడండి. చంద్రికకు కూడా హెచ్ తీసేయండి. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాలు అప్పుడు బయటపడతాయి. తెలుగు లిపిలో కూడా ఒకసారి కొట్టి చూడండి, కొన్ని రికార్డులకే ఆ లిపి ఎక్కించారు.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోని పాత తెలుగు పుస్తకాలు చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవి. అక్కడ పేర్లు ఎక్కించినవాళ్లు దీర్ఘానికి అక్షరం రెండుసార్లు, సున్నాకు ఎన్ పక్కన ఒక కొమ్ము పెట్టారు. కొన్నిచోట్ల పుస్తకం పేరు ఉండాల్సిన చోట రచయిత పేరుంది. ఎవర్ననుకుని ఏం లాభం, రోజుకు ఇన్ని అని లెక్క చెప్పాల్సిన ఉద్యోగాలు అవి. పుస్తకం పేరులో అన్నిటికంటే తేలికైన ముక్క ఒక్కటి కొట్టి, భాష తెలుగు అని ఎంచుకుని, ఓపిగ్గా కిందికి జరుపుకుంటూ పోవడమే. నేను రాత్రి భోజనం అయ్యాక టీవీ సీరియల్ బదులు ఇదే చూస్తాను.

ఇంకో చిట్కా. ఇంగ్లిషు పుస్తకాల కేటలాగులో సబ్జెక్టు గడిలో మీ అంశం పక్కన సోర్సెస్ అనో, డైరీస్ అనో, కరెస్పాండెన్స్ అనో, పర్సనల్ నేరేటివ్స్ అనో చేర్చండి. లైబ్రేరియన్లు ప్రాథమిక ఆధారాలకు తగిలించే తోకలు ఇవి. మూడు వందల పుస్తకాలు వచ్చినచోట పదకొండు వస్తాయి. ఆ పదకొండే మీకు కావలసినవి. అచ్చయిన తెలుగు పుస్తకం అసలు ఉందా లేదా అని అనుమానమొస్తే బార్నెట్ 1912లో తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల కేటలాగు చూడండి. 1867 చట్టం వచ్చాక అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాల్సి వచ్చేది. మూడు నెలలకోసారి ఆ జాబితా ప్రకటించేవారు. అందులో ప్రతుల సంఖ్య, వెల, అచ్చాఫీసు కూడా ఉంటాయి. పుస్తకం చనిపోయినా ఆ పద్దు బతికే ఉంటుంది.

ప్రశ్న: మొదటిసారి ఆర్కైవ్స్‌కు వెళ్తున్నాను. ఏం తీసుకెళ్లాలి?
– వరంగల్ నుంచి ఒక పరిశోధకుడు

జవాబు: మీ డిపార్ట్‌మెంటు నుంచి ఉత్తరం, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు. పెన్సిళ్లు నాలుగు. పెన్ను చాలాచోట్ల లోపలికి రానివ్వరు, షార్ప్‌నర్ కూడా బయటే వాడమంటారు. దుమ్ము పడనివాళ్లయితే మాస్కు. నిజాం కాలం కాగితాలైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లేముందు ఉర్దూ, పారసీ చదివేవాళ్లను మాట్లాడి పెట్టుకోండి. మీ ఊరి భూముల చరిత్రే అయితే ముందు సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే పద్దు) అడగండి, అవి రెవెన్యూ వాళ్ల దగ్గరుంటాయి.

కట్ట చేతికి రాగానే చదవడం మొదలుపెట్టకండి. నోటుబుక్కు పేజీకి పైన శాఖ, సంపుటం, నంబరు, తేదీ రాసుకోండి, ఫోటో తీస్తే మొదటి ఫోటో ఆ స్లిప్పుదే తీయండి. నా దగ్గర ఇప్పటికీ ఒక ఉత్తరం నకలు ఉంది, నా చేత్తోనే రాసుకున్నది, అద్భుతమైన ఉత్తరం. ఏ కట్టలోదో తెలియదు. పద్దెనిమిదేళ్లుగా వెతుకుతున్నాను.